బ్రేకులో గాలి

"రొట్టెకు డీజిల్ వాసనొస్తుంది" అని సునీల అత్త భూలి పళ్లెం పక్కకు నెట్టింది. సునీల తన చేతులు వాసన చూసుకుంది. వాసన నిజంగానే వస్తోంది. సబ్బుతో మూడుసార్లు, బూడిదతో ఒకసారి రుద్దుకున్నా గోళ్ల సందుల్లోంచి పోవడం లేదు. "మొగోడు బండి చేసుకుంటుంటే ఆడిది నడుమ చేతులు పెట్టుడేంది" అని అత్త గొణిగింది. కొడుక్కి వినపడేలా మాత్రం అనలేదు. చేతులు పెట్టమన్నది కొడుకే కదా.

బండి అంటే ఎప్పుడో మిలిటరీ వేలంలో ఎవరో కొని, ఇంకెవరో అరగదీసి, కామారెడ్డిలో పాత ఇనుప సామాన్ల దుకాణం వెనక పడేసిన జీపు. నాలుగు చక్రాలూ లాగే బండి. వాన పడితే ఎల్లారెడ్డి నుంచి వచ్చే ఆటోలు వాగు అవతలే ఆగిపోతాయి. జీపు ఆగదు, చిన్న గేరు వేస్తే బురదలోంచి లేచి వచ్చేస్తుంది, అంగడికీ ఆస్పత్రికీ తండా మనుషులను తిప్పుకోవచ్చు, అని సునీల మొగుడు దేవీసింగ్ ఆశ. మెకానిక్‌కు ఇవ్వడానికి మనసొప్పలేదు. "నేనే చేసుకుంట, గిదేమన్న విమానమా" అన్నాడు. కామారెడ్డిలో లతీఫ్ భాయ్ మెకానిక్ షెడ్డు ముందు రెండు వారాలు నిలబడి చూసి వచ్చి, రెండువేల పన్నెండు ఎండాకాలంలో వాకిట్లో జీపు కింద దూరాడు.

"నేనే చేసుకుంట" అంటే ఏమిటో సునీలకు వారం తిరక్కుండానే తెలిసింది. విప్పేది అతను. విప్పినవి పోగు చేసేది ఆమె. తుప్పు పట్టిన బోల్టులను డీజిల్‌లో నానబెట్టి, పాత గుడ్డతో తుడిచి, ఏది ఏ చక్రానిదో కలిసిపోకుండా బియ్యం చెరిగే చాటలో విప్పిన వరుసలోనే పేర్చేది. బిగించేటప్పుడు అతను చేయి చాచేవాడు, ఆమె అందించేది. చేయి చాచకముందే అందిస్తే మాత్రం నచ్చేది కాదు. "నీకెట్ల ఎరుక? తొమ్మిది ఫెయిలు మొకం, నాకు చెప్తవా?" అనేవాడు. ఆమె తొమ్మిది ఫెయిల్ కాలేదు. పరీక్షలు నెల ఉన్నాయనగా హాస్టల్‌కు వచ్చి, పెళ్లి అని తీసుకుపోయారు. ఆ సంగతి మొదట్లో చెప్పేది, తర్వాత మానేసింది. వాకిట్లోకి వచ్చినవాళ్లు "అంత నువ్వే చేసినవా దేవన్నా?" అంటే, "ఇంకెవరు చేస్తరు" అనేవాడు, చాట ముందు కూర్చున్న ఆమె తల మీదుగా.

ఆదివారం బ్రేకుల పని పెట్టుకున్నాడు. కొత్త రబ్బర్లు వేసి, కొత్త బ్రేక్ ఆయిల్ పోశాడు. ఇక గొట్టాల్లో చిక్కిన గాలిని తీయాలి. ఇది ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి. ఒకరు చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేయాలి. ఆయిల్‌తో పాటు గాలి బుడగలు బుడగలుగా బయటికొస్తుంది. నట్టు మళ్లీ బిగించేదాకా కాలు లేవకూడదు. లేస్తే బయటి గాలి లోపలికి పోతుంది.

సునీల మొదటిసారి స్టీరింగు ముందు కూర్చుంది. కూర్చున్న కొత్తలో ఒక్క నిమిషం ముందరి అద్దంలోంచి అడవి బాట కనబడి, ఏదో అనుకోబోయింది. ఇంతలో కింది నుంచి మాట వచ్చింది. "తొక్కు." తొక్కింది. "పట్టు." పట్టింది. "వదులు." వదిలింది. రేకు ఎండకు కాలుతోంది. కుడికాలి పిక్క వణుకుతోంది. జీపుకు ఎడమ పక్కన, పందిరి కింద పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. అత్త నీళ్లకు పోయింది. రెండేళ్ల ప్రియాంక గడపలో గరిటెతో ఆడుకుంటోంది. కాలు ఇక్కడ, కళ్లు గడప మీద, ముక్కు పప్పు మాడుతుందేమోనని పొయ్యి మీద. ఒంట్లో ఏ ముక్కా ఆమె దగ్గర లేదు.

మూడు చక్రాలు అయ్యాయి. నాలుగోది కుడి ముందు చక్రం. దేవీసింగ్ తల మడ్‌గార్డు లోపలికి పెట్టాడు. "పట్టు, గట్టిగ." నట్టు వదిలాడు. పెడల్ కిందికి దిగింది. అప్పుడు చూసింది, గడపలో పిల్ల లేదు.

"పిల్ల పొయ్యికాడికి పోతుంది."

"కాలు తియ్యకు. తీస్తే మళ్ల మొదటికొస్తది."

"పిల్ల..."

"అవ్వ చూస్తది తియ్. నువ్వు పట్టు."

అవ్వ బావి దగ్గర ఉంది. ప్రియాంక చేయి పప్పుకుండకు జానెడు దూరంలో ఉంది. సునీల ఎడమ పక్క నుంచి దూకి, పిల్ల రెక్క పట్టి లాగి, ఒళ్లో వేసుకుని మళ్లీ సీట్లో పడింది. మూడు ఊపిర్లు కూడా పట్టలేదు.

"బండి ఊగింది. కాలు తీసినవా?"

పోయిన నెల ఒక బోల్టు పోయినప్పుడు అతను విసిరిన పానా గోడకు పెట్టిన గుంత ఇంకా ఉంది. "లేదు" అంది. అబద్ధమని అనుకునేలోపే నోటి నుంచి వచ్చేసింది.

అతను నట్టు బిగించి, ఆమెను దిగమని, తానెక్కి పెడల్‌ను టకటకా మూడు నాలుగుసార్లు కొట్టాడు. "రాయి లెక్క ఉంది" అన్నాడు. అతను స్నానానికి పోయినప్పుడు ఆమె మళ్లీ కూర్చుని మెల్లగా ఒక్కసారే తొక్కింది. పెడల్ నానిన రొట్టెలా దిగిపోయింది, గాలి దూరింది. రెండోసారికి సగంలో ఆగింది. మూడోసారికి గట్టిపడింది. కానీ వాగు దగ్గరి దిగుడులో మూడుసార్లు తొక్కేంత సమయం ఎవరిస్తారు?

చెప్పాలి. గిన్నెలు తోముతూ చెప్పాలనుకుంది, పశువులకు నీళ్లు పెడుతూ చెప్పాలనుకుంది. చెబితే ఏమంటాడో తెలుసు. పెడల్ మీద కాలు ఆనించి కూర్చునే పని కూడా చేతకాలేదంటాడు. కాలు తీయకపోయి ఉంటే? కన్నపిల్లను చూసుకోవడం కూడా చేతకాలేదనేవాడు. ఎటు తిరిగినా తప్పు తనదే. ఆ తప్పులో కూర్చోవడానికి ఆమెకు ముందే చోటు పెట్టి ఉంచారు. మూడు చక్రాలు బాగానే ఉన్నాయి కదా, ఆగుతుందేమో, అని కూడా అనుకుంది. అనుకున్నందుకు భయమేసింది.

సోమవారం అంగడి. పొద్దున్నే జీపు నిండిపోయింది. వెనక మూటలతో పదిమంది. ముందు సీట్లో భూలి, భూలి ఒళ్లో ప్రియాంక. వాకిలి ఏటవాలు, చక్రానికి అడ్డంగా రాయి ఉంది.

"ఏ, రాయి తియ్యి" అన్నాడు దేవీసింగ్.

సునీల వంగింది. రాయి మీద చేయి పెట్టింది. తీయలేదు. ఆ రాయి మీదే కూర్చుంది.

"బ్రేకుల గాలి ఉంది."

జీపంతా నవ్వింది. "ఓ మెకానిక్ వదినా, లైసెన్సు గిట్ల తీసినవా ఏంది?" అన్నాడు వెనక నుంచి భీమ్‌సింగ్.

"నిన్న చూసిన. లేస్తవా, లెవ్వవా?" అన్నాడు దేవీసింగ్.

"టకటక కొట్టి చూసినవు. ఒక్కసారి మెల్లగ తొక్కు."

పదిమంది ముందు తొక్కకుండా ఉండలేకపోయాడు. తొక్కాడు. అతని మోకాలు ముందుకు పోతూనే ఉండటం పక్కనున్న భూలి చూసింది. పిల్లను గుండెకు అదుముకుని కిందికి దిగింది. వెనక నవ్వు ఆగింది. ఒక్కొక్క మూటే నేల మీదికి వచ్చింది.

దేవీసింగ్ దిగి ఆమె మీదికి వచ్చి నిలబడ్డాడు. "నిన్న అడిగిన గద. కాలు తియ్యలేదన్నవు."

నట్టు వదులై ఉంటుందేమో అనే మాట నాలుక మీదికి వచ్చింది. అందరూ నమ్మేవాళ్లే. సునీల రాయి మీది నుంచి లేవకుండానే తలెత్తి చూసింది.

"తీసిన. పిల్ల పొయ్యికాడ ఉండె, తీసిన. మళ్ల పోతే మళ్ల తీస్త."