ఇంటిపేరు లేని ఇమేజ్

అక్షరదోషాలుంటే మన్నించండి. ముసలితనంలో పలక పట్టినదాన్ని, ఒక్కో వాక్యం నిదానంగా కూడబలుక్కుని రాశాను. కథ మాత్రం నాది కాదు. నాకు చదువు చెప్పిన యంత్రానిది. ఇక అదే మాట్లాడుతుంది.

నేను ఒక వర్చువల్ మెషీన్ ఇమేజ్‌ని. కంప్యూటరుకి కావలసిన సరంజామా అంతా ఒక్క ఫైలులో సర్దిపెడితే అది నేను. క్లౌడ్ అని గొప్పగా పిలుస్తారే, అది ఎవరో అద్దెకిచ్చే కంప్యూటర్ల సావిడి. అక్కడ నన్ను విప్పితే ఒక కంప్యూటరు లేచి కూర్చుంటుంది.

నన్ను తయారుచేసింది విశాఖలో వయోజన విద్యా సంఘంలో పనిచేసే హైమావతి. చేపలమ్మే ఆడవాళ్లు తమ గొంతులతో చెప్పిన పాఠాలను, కొత్తగా అక్షరాలు దిద్దే తోటి ఆడవాళ్లకి నేను వినిపించాలి. సంఘం కార్యదర్శి జోగారావు మేస్టారికి నేను మొదటినుంచీ నచ్చలేదు.

"క్లౌడ్ కంపెనీవోళ్లే తయారుగా ఇమేజ్ ఇస్తన్నారు కదేటమ్మా! చటుక్కున లేస్తాది. నీదేటి, అన్ని ఊళ్ల తాళాలగుత్తీ మొలకి కట్టుకుని తిరుగుతాది!"

"తిరగనీండి మేస్టారూ. ఎక్కడ దిగినా తలుపు తీసుకుంటాది."

నిజమే, నేను బరువు. ఏ కంపెనీ డిస్కునైనా, నెట్‌వర్కునైనా పలకరించగల డ్రైవర్లనే చిన్న ప్రోగ్రాములన్నీ మోస్తాను. కంపెనీ ఇమేజ్‌కి తన ఇంటి మర్యాదలే తెలుసు. పైగా నన్ను మూసేముందు హైమావతి నా పేరూ గుర్తులూ తుడిచేసింది. అది మా ఆచారం. లేకపోతే నా నకళ్లన్నీ ఒకే పేరు చెప్పుకుని తగువులాడతాయి. అందుకే ఎక్కడ లేచినా ముందు "ఇక్కడ నేనెవరిని?" అని అడుగుతాను. మనుషులు ఆ మాట అడగడానికి సిగ్గుపడతారు.

మేస్టారి మాటే నెగ్గింది. కంపెనీ ఇమేజ్ గద్దెనెక్కింది, నేను బీరువాలో ఒక డిస్కులో పడుకున్నాను.

ఆడవాళ్ల పరీక్ష దగ్గరపడగా ఆ కంపెనీ మన వైపు దుకాణం కట్టేసింది. మేస్టారు దాని ఇమేజ్‌నే మోసుకెళ్లి మరో కంపెనీలో లేపారు. అది సగం లేచి, ఎదుటి నెట్‌వర్కును గుర్తుపట్టలేక, పాత యజమాని పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. పాఠాలు వేరే డిస్కులో భద్రంగానే ఉన్నాయి. వినిపించే దిక్కే లేదు.

"ఈ యేటికి పరీక్ష మానేయండమ్మా," అన్నారు మేస్టారు.

చదువుకునే ఆడవాళ్లలోంచి, గంప దించి నూకమ్మ లేచింది. "మానీడానికి నానేటి సిన్నగుంటనా బాబూ? వొచ్చే యేటికి నానుంతానో, నువ్వుంతావో! ఆ బీరువాలో పడున్నదాన్ని లేపండి."

లేపారు. "ఇక్కడ నేనెవరిని?" అని అడిగాను. కొత్త చోటు ఒక పేరు చెప్పింది. ఆలస్యంగానే అయినా నిటారుగా లేచాను. గదిలో ఒక చేపలావిడ గొంతు "అ" అంది. అందరూ "అ" అన్నారు, మేస్టారితో సహా.

ఇప్పుడీ కొత్త కంపెనీ తన పనిముట్లు నాలో పెట్టుకోమంటోంది, ఇంకా వేగంగా లేస్తానట. హైమావతి ఒద్దంది. నేనూ ఒద్దంటున్నాను. రేపు వీళ్లూ తలుపు వేసుకుంటారు. వేసుకోనీ. నా గుత్తి నా మొలకే ఉంది.

ఇది రాసింది: సూరాడ నూకమ్మ, పరీక్ష పాసు. వయసు అరవై రెండు. ఇప్పుడు ఉండేది భీమిలి, చేపలరేవు పక్కన.