ఆరని పురుగు

వీధిలో ఆమెని అందరూ పురుగులమ్మ అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు. వెంట్రుక ముక్కంత పురుగుల్ని పెంచడమే ఆమె ఉద్యోగం. వాటి ఒంట్లో పచ్చటి వెలుగు పుట్టించే జన్యువు ఉంది. ఆ జన్యువు నోరు మూయించే ఆర్‌ఎన్‌ఏని బ్యాక్టీరియాలో తయారుచేయించి మేతగా వేసేది. పురుగు పేగు ఆరిపోయేది. అక్కడితో ఆగితేనా! ఆ నోటా ఈ నోటా పడ్డట్టు ఆ ఆర్‌ఎన్‌ఏ కణం నుంచి కణానికి పాకి, తోకదాకా దీపం ఆర్పేసేది. ఎలా పాకుతోందో తెలియాలంటే, పాకనివ్వని పురుగు ఒక్కటి కావాలి. దానికోసం ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా వెతికింది.

ఆ రోజు ల్యాబులో దొరికింది. పేగు చీకటి, మిగతా ఒళ్లంతా వెలుగు. ఊపిరి బిగబట్టి సన్నటి తీగ కొనతో పైకి తీసింది.

ఇంటి తాళంచెవి కోసం వచ్చిన అత్తగారు సరిగ్గా అప్పుడే గుమ్మంలో తుమ్మింది. పైకప్పు అదిరింది. చూస్తే తీగ ఖాళీ! పక్కనే సింకులో మొహం కడుక్కుని, తడిసిన టైతో ల్యాబు పెద్దసారు.

"కదలకండి సార్! మీమీదే పడింది."

"కింద హాల్లో అతిథులు కూర్చున్నారమ్మా. నేను మాట్లాడాలి."

"మీరు వెళ్తే అదీ వెళ్లిపోతుంది సార్."

పెద్దసారు దొంగలా చేతులెత్తి నిలబడ్డాడు. గదిలో లైట్లు ఆర్పి, పురుగు పచ్చగా మెరిసేలా చేసే నీలం దీపం, భూతద్దం పట్టుకుని వెతికింది. సారు గుండీలు మెరిశాయి, పళ్లు మెరిశాయి. మెరిసినప్పుడల్లా ఆమె గుండె ఎగిరిపడింది.

"మీసంలో చూడవే," అంది అత్తగారు. "నువ్వు నవ్వకు నాయనా, జారిపోద్ది."

చివరికి టై కొసన పచ్చటి నూలుపోగు కదిలింది. తడి ముడి ఎంత లాగినా ఊడలేదు. ఆమె కత్తెర తీసింది.

"అది మా ఆవిడ కొన్నది!"

"ఇంకోటి కొంటారు సార్. ఇది ఇంకోటి దొరకదు."

కత్తిరించేసింది. పెద్దసారు సగం టైతో అతిథుల ముందుకు వెళ్లాడు. పురుగు మేతపళ్లెంలోకి వెళ్లింది.

ఆ జాతిలో తల్లీ తండ్రీ ఒకటే. అది గుడ్లు పెట్టింది, పిల్లలయ్యాయి, వాటికీ అదే మేత వేసింది. అన్నిటికీ పేగులు చీకటి, ఒళ్లు వెలుగు. అంటే ఆ పాకనివ్వని గుణం జన్యువుల్లోనే ఉంది, ఇక వెతికి పట్టుకోవచ్చు. పురుగులమ్మ నేలమీద కూలబడి బావురుమంది. ఆ సంగతి ఇంటికి ఫోన్ చేసి చెబుతూ కూడా ఏడుస్తూనే ఉంది.

"పిల్లలు బాగానే ఉన్నారుగా, ఏడుపెందుకే?" అంది అత్తగారు.

"అందరిదీ తల్లి పోలికే అత్తయ్యా!"