కాంతికి వచ్చిన బరువు

ప్రేమ కృష్ణగిరిలోని ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతూనే పీహెచ్‌డీ చేస్తోంది. ఆ ఏడాది ఆమె పట్టుకున్న లెక్కలో కాంతికణం ఒక్క క్షణం ఎలక్ట్రాన్, పాజిట్రాన్ల జంటగా మారి మళ్ళీ కాంతికణమవుతుంది. ఆ జంటకు ఎంత శక్తయినా ఉండవచ్చు. అన్నీ కూడితే జవాబు అనంతం. అందుకని ప్రేమ ఒక హద్దు పెట్టి, దాన్ని దాటిన శక్తులను వదిలేసింది. జవాబు వచ్చింది. అందులో కాంతికి బరువు ఉంది.

మళ్ళీ చేసినా అదే వచ్చింది. తోటి లెక్చరర్ విష్ణువర్ధన్‌కు చెబితే, అతను సాయంత్రానికల్లా నోటీసు అంటించాడు: శుక్రవారం ప్రేమ సెమినార్, ‘కాంతికి బరువుందా?’ ప్రేమ వద్దనలేదు. ఆ నోటీసు చూసి ఆమెకు సంతోషమే కలిగింది.

మర్నాడు బస్సెక్కి హోసూరులో ఉన్న గైడు శ్రీరంగప్ప ఇంటికి వెళ్ళింది. ఆయన కాగితాలు తిరగేశాడు.

“అనంతాన్ని యాడ కోసినావమ్మా?”

“ఈడ సార్. ఈ హద్దు దాటినవి తీసుకోలేదు.”

“కాంతికి బరువు రాకుండా కాపాడేది గేజ్ సౌష్ఠవం. ఈ కోతతో అదే తెగిపోయింది. ఈ బరువు నీ హద్దులోంచి వచ్చిందమ్మా.”

ప్రేమ చెవులు వేడెక్కాయి. “సెమినార్ పెట్టేసినారు సార్.”

“పోయి చెప్పు. జరిగింది జరిగినట్టు చెప్పు.”

తిరుగు బస్సు కుందారపల్లి దాటేటప్పుడు, ఒంట్లో బాగాలేదని విష్ణువర్ధన్‌కు ఫోన్ చేద్దామనుకుంది. చేయలేదు.

శుక్రవారం ముందుగా హద్దు పెట్టి, బరువు వచ్చేదాకా లెక్క చేసి చూపించింది. అందరూ నిటారుగా కూర్చున్నారు. తర్వాత అదంతా తుడిచేసి, హద్దు లేకుండా, స్థలకాలాల డైమెన్షన్లు నాలుగు కాక నాలుగుకు కాస్త తక్కువ అనుకుని మళ్ళీ చేసింది. ఈ పద్ధతిలో సౌష్ఠవం చెడదు. బరువు పోయింది. అనంతం మాత్రం ఎలక్ట్రాన్ విద్యుదావేశంలో మిగిలింది. ప్రయోగాల్లో కొలిచిన ఆవేశాన్ని ఆ చోట పెట్టేసరికి జవాబు మామూలు అంకెకు దిగింది.

“మరి మొదటిది ఎందుకు చెప్పినావమ్మా?” అని హెచ్ఓడీ అడిగాడు.

“నిన్న హోసూరు పోయేదాకా దాన్నే నమ్మినాను సార్.”

కొందరు నవ్వారు. విష్ణువర్ధన్ వెళ్ళి నోటీసు పీకేశాడు. గది ఖాళీ అవుతుండగా, ఎమ్మెస్సీ చదివే సింధు బోర్డు దగ్గరకు వచ్చింది.

“మేడమ్, మొదటి లెక్క ఇంకోసారి రాస్తారా? సౌష్ఠవం ఏ వరుసలో పోయిందో చూడాల.”

ప్రేమ సుద్దముక్క తీసుకుంది. సగం బోర్డు నిండేసరికి మరో ఇద్దరు వెనక్కి వచ్చి కూర్చున్నారు.