మబ్రూకా రోజుకూలి

అప్పులిచ్చే ఆఫీసులో సిహెమ్ అనే అమ్మాయి కాగితాల మీద నుంచి తలెత్తి అడిగిన ప్రశ్న లమీన్‌కు మొదట అర్థమే కాలేదు.

"రేకులు చేసేదెవరు?"

"మా అక్క."

"జీతమెంత?"

"అక్కకి జీతమేంటమ్మా, ఇంట్లో మనిషి."

మహదియా అనే సముద్రతీరపు పట్నంలో, పాత ఊళ్లో లమీన్‌ది చిన్న అంగడి. గోధుమరవ్వ పిండిని కాలే రాగిపళ్లెం మీద చేత్తో అద్ది తీసిన పల్చటి రేకులు అమ్ముతాడు. గుడ్డో చేపో లోపల పెట్టి, మడిచి వేయించుకోవడానికి ఊరంతా అవే కొంటుంది. రంజాన్ నెలలో అయితే వాకిట్లో నిలబడే చోటుండదు. అందుకే రైలుస్టేషను దగ్గర రెండో అంగడి పెడదామని లెక్కలు రాసుకుని అప్పుకోసం వచ్చాడు. రవ్వ, గ్యాసు, అద్దె, సంచులు, స్కూటరు పెట్రోలు, ఏదీ వదల్లేదు. అన్నీ పోను నెలకు తొమ్మిది వందల దినార్లు మిగులుతున్నాయి.

"రెండో అంగట్లో ఎవరు చేస్తారు మరి? మీ అక్కయ్యకి నాలుగు చేతుల్లేవుగా," అంది సిహెమ్. "మనిషిని పెట్టుకుంటే రోజుకెంత ఇవ్వాలి?"

"పని తెలిసినావిడైతే నలభైకి తక్కువ రాదు."

"ఇరవై ఆరు రోజులకి వెయ్యి నలభై." ఆ అంకెను మొదటి అంగడి ఖర్చుల కింద రాసి, కాగితం అతని వైపు తిప్పింది. "కొత్తదాని సంగతి తర్వాత. ఉన్నదే నెలకి నూట నలభై నష్టంలో ఉంది. మీ జీతం ఇంకా రాయనేలేదు."

లమీన్ ఆ కాగితం మూడుసార్లు కూడాడు. మూడుసార్లూ అంతే వచ్చింది. ఎలా బయటికొచ్చాడో, ఏ వీధిన నడిచాడో తెలియదు. తన అంగడి దాటిపోయి సముద్రం ఒడ్డున కోట దాకా వెళ్లాక గాని దారి తప్పానని తోచలేదు.

వెనక్కి వచ్చి, అక్క నవ్వేస్తే ఆ మాట అబద్ధమైపోతుందన్నట్టు చెప్పాడు.

"ఆ పిల్లకి లెక్కలు రావక్కా. మనం నష్టంలో ఉన్నామంట."

మబ్రూకా భర్త పోయి, తమ్ముడి దగ్గరికి వచ్చి పందొమ్మిదేళ్లు. పళ్లెం మీద పిండి అద్దుతున్న చెయ్యి ఆమె ఆపలేదు. "ఎంతంది?"

"నూట నలభై."

"నేను లెక్కేసినప్పుడు ఎనభయ్యే. రవ్వ ధర పెరిగిందిగా."

"నువ్వెప్పుడు లెక్కేశావు?" అన్నాడు లమీన్.

"పదకొండేళ్లయింది. స్టేషను దగ్గర మిఠాయిల ముఖ్తార్ రోజుకి ఇరవై రెండు ఇస్తా రమ్మన్నాడు. వెళ్తే నీ అంగడి నిలబడుతుందా అని చూశా. నిలబడలేదు. నీ పిల్లలకప్పటికి పాలపళ్లయినా ఊడలేదు."

"నాతో చెప్పొచ్చు కదక్కా."

"చెబితే ఏం చేసేవాడివి, నా నుదుటిమీద ముద్దుపెట్టుకునేవాడివి. దాంతో చెప్పులు కొనుక్కోలేను కదరా."

అతను రవ్వబస్తా మీద కూలబడ్డాడు. ఆమె చేతివేళ్ల కొసలు ఏళ్లతరబడి పళ్లెం వేడికి కాలి, గాజులా నున్నగా మెరుస్తున్నాయి. అతను చూడడం గమనించి ఆమె మామూలుగానే చెప్పింది. "కిందటేడు గుర్తింపుకార్డు ఆఫీసులో వేలిముద్రలు పడలేదు. వేళ్లేవమ్మా అన్నాడు వాడు."

ఆమె కార్డుకోసం వెళ్లినట్టే లమీన్‌కు తెలియదు.

మర్నాడు అతను డజను ధర రెండు దినార్ల నుంచి రెండున్నరకు పెంచి, పలక మీద రాశాడు. అక్కకు రోజుకు ముప్ఫై ఇవ్వబోతే ఆమె పుచ్చుకోలేదు. "బయటి మనిషికి నలభై అన్నావు. నేను బయటి మనిషికన్నా చవకా?" అంది. నలభైకి ఒప్పుకున్నాడు. శుక్రవారాలు రానంటే దానికీ తలూపాడు. ఆ వారమే కొనేవాళ్లలో మూడోవంతు జారిపోయారు. స్కూటరు అమ్మేశాడు. రవ్వ నేరుగా మిల్లు నుంచి తెచ్చుకున్నాడు. స్టేషను దగ్గర అంగడి మానుకున్నాడు గాని, దానికి ముందే ఇచ్చిన బయానా తిరిగి రాలేదు.

మూడు నెలలకు పోయినవాళ్లలో సగంమంది తిరిగొచ్చారు. అక్క కూలి పోను అతని చేతికి నాలుగు వందలు మిగిలాయి. ఇల్లు నడవడానికి అవి చాలవు. భార్య నయీమా పొరుగువాళ్ల బట్టలు కుట్టడం మొదలుపెట్టింది. మొదటి నెల వచ్చిన డబ్బు తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. ఇంటికెంత ఇస్తుందో ఆమే చెప్పింది. మిగతాది ఎంతని లమీన్ అడగలేదు.