లంక రేవుకు మిరపకాయలు మోసిన నావ

నేను ఒక సరుకుల నావను. తాళ్లరేవులో టేకు చెక్కతో నన్ను కట్టారు. ఓలేటి పోలయ్య నన్ను నడిపే సరంగు, యజమాని కూడా. గాలి అనుకూలించే నెలల్లో కడుపు నిండా మిరపకాయల బస్తాలతో సముద్రం దాటి శ్రీలంక ఉత్తరాన ఓ చిన్న రేవుకు పోయి, దాల్చినచెక్కతో తిరిగొచ్చేవాళ్లం. అక్కడ మా సరుకంతా కొనే వ్యాపారి వళ్లియమ్మై. భర్త పోయాక గోడౌను తనే నడిపేది. మిరపకాయ విరిచి వాసన చూసి, "ఈసారి ఘాటు తగ్గిందన్నా," అని పోలయ్యను ఏడిపించేది.

తర్వాత ఆ దేశంలో వాళ్లలో వాళ్లకే యుద్ధం మొదలైంది. ఎవరు ఎవర్ని గెలుస్తున్నారో నాకు అర్థమయ్యేది కాదు. వెళ్లిన ప్రతిసారీ కొనేవాళ్లు తగ్గడం మాత్రం తెలిసేది.

ఓ ఉదయం మేం చేరేసరికి గోడౌను తగలబడుతోంది. వళ్లియమ్మై మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది. వెనక పిల్లలతో, ముసలాళ్లతో వీధి వీధంతా ఉంది.

"సరుకు దించుకోలేనన్నా. వీళ్లను ఎక్కించుకుంటావా?"

పోలయ్య బస్తాల వైపు ఒకసారి చూశాడు. "ముందు చోటు చెయ్యాలి కదమ్మా," అంటూ మొదటి బస్తా తనే సముద్రంలోకి దొర్లించాడు.

రామేశ్వరం ఒడ్డున అందర్నీ దించాం. నా అన్నవాళ్లు లేని వళ్లియమ్మై మాతోనే వచ్చేసింది.

తుపాకులు పేలింది అక్కడ. పస్తులు మా ఊళ్లోనూ మొదలయ్యాయి. లంక పేరెత్తితే మిర్చి వ్యాపారులు సరుకివ్వడం మానేశారు. బస్తాలు మోసే కూలీలు హైదరాబాదు పోయారు. తాళ్లు పేనేవాళ్లు రొయ్యల చెరువుల కాపలాకు కుదిరారు. నన్ను ఇసుకలోకి లాగేశారు. వళ్లియమ్మై నా నీడన పొయ్యి పెట్టి ఇడ్లీలు అమ్ముకునేది.

ఏళ్లు గడిచాయి. యుద్ధం ఆగిందని రేడియోలో విని, తల నెరిసిన పోలయ్య పరుగున వచ్చాడు.

"రేవు తెరుస్తారంట చెల్లెమ్మా! పోదామా?"

ఆమె పొయ్యి ఊదడం ఆపలేదు. "గోడౌను మళ్లీ కట్టుకోవచ్చన్నా. కొనేవాళ్లేరీ? సగం మంది మట్టిలో కలిశారు, సగం మంది దేశాలు పట్టిపోయారు."

వానకు కట్టెలు తడిసి పొయ్యి రాజుకోవడం లేదు. పోలయ్య నా పక్కకొచ్చి, అరచేత్తో నిమిరి, వదులైన పలకొకటి ఊడదీసి ఆమెకిచ్చాడు. నాకు కోపం రాలేదు.

మంట బాగా అంటుకుంది. ఇద్దరూ దాని ముందు కూర్చుని, అవతలి ఒడ్డున ఇంకా ఎవరెవరు బతికుంటారో ఒక్కొక్క పేరే అనుకుంటూ ఉండిపోయారు.