ఏడుకి అడ్డగీత

నా ఉద్యోగం ఉమ్మితో. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ మొహాలు ఎలా మారతాయో బాగా తెలుసు కాబట్టి, కొత్తవాళ్ళకి ‘ల్యాబులో పని’ అని చెప్పి ఊరుకుంటాను.

కాలేజీ పిల్లల మనసు మీద ఎంత ఒత్తిడి ఉందో వాళ్ళ ఒంట్లోంచే తెలుసుకోవడం మా పరిశోధన. ఉమ్మిలో దొరికే కార్టిసాల్ అనే హార్మోను దానికి ఒక ఆనవాలు. మామూలుగా మనిషి నిద్ర లేచిన అరగంటకి అది గబుక్కున పైకి లేస్తుంది, సాయంత్రానికి మెల్లగా దిగుతుంది. పిల్లలకి ఒక సీసా నిండా దూది చుట్టలు ఇస్తాం. లేవగానే ఒకటి, అరగంటకి ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పడుకునే ముందు ఒకటి నమిలి, గొట్టంలో వేసి, పేరు లేకుండా నంబరు మాత్రమే ఉన్న ఫారం మీద టైము రాయాలి. ఇలా రెండు రోజులు.

ఇంత చిన్న పని కూడా సరిగ్గా చెయ్యరు మహానుభావులు. మర్చిపోయి, ఆఖర్న ఎనిమిది చుట్టలూ వరసబెట్టి నమిలేసి, తోచిన టైములు రాసి పంపేస్తారు. అప్పుడు గ్రాఫులో వాళ్ళ గీత ఎత్తూపల్లం లేకుండా బల్లపరుపుగా వస్తుంది. చూడగానే పట్టేస్తాను. ఫారం మీద ఎర్ర చుక్క అంటించి పక్కన పడేస్తాను. ఆరేళ్ళుగా ఇదే పని, నా కళ్ళు కప్పడం ఎవరి తరం?

నిజానికి ఈ ఏడాది నుంచి ఆ సీసా మూతలో చిన్న చిప్ ఉంటోంది. మూత తీసిన ప్రతిసారీ టైము గుర్తుపెట్టుకుంటుంది. నెలాఖరున దాన్ని ఫారంతో సరిచూడాలి. ఎర్ర చుక్క పడ్డవాటికి అంత శ్రమ దండగని నేను ఆ మూతల్ని ఒక అట్టపెట్టెలో వేసేసేదాన్ని. పరిశోధన నడిపే మేడమ్ ఎప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు.

నలభై మూడో నంబరు గీత కూడా బల్లపరుపే. చుక్క అంటించాను. అంటించాక ఫారం మీది టైములు కంటబడ్డాయి. 6.47, 7.17. ప్రతి ఏడుకీ నడుం మీద ఒక అడ్డగీత.

ఆ గీత నేను నేర్పింది. మా చెల్లెలు చిన్నప్పుడు ఏడు రాస్తే ఒకటిలా ఉండేది. లెక్కల టీచరు మార్కులు కోసేస్తుంటే ఏడుస్తూ వచ్చింది. “దీని నడుముకి బెల్టు కట్టవే, ఎవరూ పొరబడరు” అని చెప్పాను.

ఇంట్లో దాన్ని ‘గలగల’ అంటాం. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. చదువుకోసం ఆరు నెలలుగా నా రెండు గదుల ఇంట్లోనే ఉంటోంది. నేను ఆరింటికల్లా పనికి బయల్దేరతాను, అప్పటికి అది ముసుగు తన్ని ఉంటుంది. సాయంత్రం నేను వచ్చేసరికి లెక్చరర్ల నడకలన్నీ నడిచి చూపించి కడుపుబ్బ నవ్విస్తుంది. దానికి ఒత్తిడేమిటి? పరిశోధనలో చేరినట్టు నాకు చెప్పనైనా లేదు, పైగా నాకే టోకరా! ఒళ్ళు మండింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను.

నంబరు వెనక మనిషెవరో తెలిసిపోతే మేడమ్‌కి చెప్పాలని మా నియమం. వెళ్ళి చెప్పాను.

“మూత చూశావా?” అందావిడ.

“అవసరమా మేడమ్? గీత చూడండి.”

“గీత నాకూ కనబడుతోంది. నేనడిగింది మూత.”

అట్టపెట్టెలోంచి నలభై మూడు వెతికి తీసి కంప్యూటరుకి తగిలించాను. 6.47కి మూత తీసింది. 7.17కి తీసింది. రెండు రోజులూ, ఎనిమిది సార్లూ, నిమిషం తేడా లేదు.

“చదునైన గీతలన్నీ దొంగవి కావు,” అంది మేడమ్. “చాలాకాలం ఒత్తిడి పడ్డవాళ్ళలో కొందరికి పొద్దున లేవాల్సింది లేవడం మానేస్తుంది. అలాగని ఒక్క గీత పట్టుకుని జాతకం చెప్పలేం. ఆ నంబరు నువ్విక ముట్టుకోకు. ఇందులో చూసింది ఇంట్లో ఎత్తకు.”

“మరి నేనేం చెయ్యను మేడమ్?”

“రేపు సెలవు పెట్టు. పొద్దున ఇంట్లో ఉండటానికి నా పర్మిషన్ ఎందుకు?”

మర్నాడు నేను వంటింట్లోంచి చూస్తూ ఉన్నాను. అలారం మోగింది, ఆపింది. లేచి మంచం అంచున కూర్చుంది. చేతిలో బ్రష్షు ఉంది, దాని మీద పేస్టు కూడా వేసుకుంది. నోట్లో మాత్రం పెట్టుకోలేదు. ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ అలాగే ఉండిపోయింది. నాకు భయం వేసింది. అరగంట గడిచినా అది కదల్లేదు. ఆరు నెలలుగా రోజూ నేను గడప దాటాక ఈ గదిలో జరుగుతున్నది ఇదేనా అనిపించింది.

రెండు కప్పుల టీ పట్టుకుని వెళ్ళాను. నన్ను చూడగానే స్విచ్ వేసినట్టు మొహంలోకి నవ్వొచ్చింది.

“ఇంకా వెళ్ళలేదా అక్కా? ఏంటి, ఊళ్ళో ఉమ్మి అయిపోయిందా?”

“సెలవు పెట్టానే. నీతో టీ తాగుదామని.”

నవ్వబోయి, సగంలో ఆపేసింది. కప్పు రెండు చేతుల్తో పట్టుకుంది. “ముందు పరీక్షలంటే కడుపులో తిప్పేసేదక్కా. ఇప్పుడు అదీ లేదు. భయం లేదు, ఏమీ లేదు. లేస్తా, కూర్చుంటా. అంతే.”

గోడకేసి చూశాను. అది తన చేత్తో రాసుకున్న పరీక్షల టైంటేబులు అక్కడ అతికించి ఉంది. ఏడు, పదిహేడు, ఇరవై ఏడు తారీఖులు. ఒక్క ఏడుకీ అడ్డగీత లేదు.

“నీ ఏడుకి బెల్టు ఏదే?” అన్నాను.

“కాలేజీలో చేరినప్పుడే మానేశా. అందరూ నవ్వుతుంటేనూ. ఈమధ్య ఒక్కచోట మళ్ళీ పెట్టా. నువ్వు చూస్తావని.”

“నోటితో చెప్పొచ్చుగా తల్లీ.”

“చెబుదామనే మొదలెడతా. మధ్యలో జోకు వేసేస్తా. నువ్వు నవ్వేస్తావు.”

మేడమ్ ఎత్తొద్దన్న మాట అదే ఎత్తింది, ఇక నేను దాచలేదు. “చూశానే. చూసి ఎర్ర చుక్క పెట్టాను.”

“అంటే?”

“అబద్ధం అని.”

అది నా భుజం మీద తల ఆనించింది. కప్పులో టీ చల్లారిపోయింది. పదింటికి ఇద్దరం కలిసి కాలేజీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ అడిగినవాటికి అది ఒక్క జోకూ వెయ్యకుండా జవాబు చెప్పింది.

మర్నాడు అట్టపెట్టెలో మిగిలిన పదకొండు మూతలూ ముందేసుకుని సరిచూశాను. ఏడు నిజంగానే దొంగవి. నాలుగు కావు. ఆ నాలుగు ఫారాల మీది చుక్కలు గోటితో గీకి తీసి, నంబర్లు మేడమ్‌కి ఇచ్చి, జరిగిందంతా చెప్పాను. ఆవిడ బీరువాలోంచి నంబర్ల పక్కన పేర్లున్న పుస్తకం తీసి, ఆ నలుగురినీ పిలవడానికి ఫోను అందుకుంది. నేను ఆ ఫారాలని మరోసారి తిరగేశాను. వాటిలో అంకెలన్నీ అందరూ రాసే అంకెల్లాగే ఉన్నాయి.