కంప్యూటర్ వ్యాన్

"సువార్తా, టీలు పట్టుకురా. పేపరు విలేకరి వచ్చినాడు," అని వాకిట్లోంచి కేకేశారు మా ఆయన ప్రేమానందం.

అప్పుడు నేను మారుతి వ్యాన్ వెనక భాగంలో పడుకుని, మానిటర్ కింద బోల్టులు బిగిస్తున్నాను. లేచి, చేతుల జిడ్డు సబ్బుతో రుద్దుకుని, టీ పెట్టుకుని వచ్చాను. ఆయన వ్యాన్ తలుపుకి ఆనుకుని చెబుతున్నారు: "లారీ బ్యాటరీకి ఇన్వర్టర్ కలిపినాను. గతుకులకి హార్డ్ డిస్క్ దెబ్బ తినకుండా సైకిల్ ట్యూబు ముక్కలు కట్టి ఊయల మాదిరి వేలాడదీసినాను. ఆరు నెలలు పట్టింది నాకు."

ఆ ఆరు నెలలూ నావి. ఊరూరికీ కంప్యూటర్ తీసుకుపోయి పిల్లలకి నేర్పాలన్న ఆలోచన ఆయనదే, కాదనను. కానీ నెల్లూరు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది నేను. ఆత్మకూరు బస్టాండు దగ్గర మా కోచింగ్ సెంటర్‌లో ఏ కంప్యూటర్ మొరాయించినా మూత విప్పేది నేను. బోర్డు మీద పేరు ఆయనది. వంటయ్యాక, అత్తకి అన్నం పెట్టాక, మధ్యాహ్నాలు ఆ వ్యాన్‌లోనే ఉడికిపోయాను. మొదటి ఇన్వర్టర్ కాలిపోయింది. మొదటి హార్డ్ డిస్క్ సోమశిల రోడ్డు గతుకులకి చచ్చిపోయింది. బ్యాటరీ సరిగా ఛార్జవుతుందో లేదో చూడటానికి వ్యాన్ నడపడం కూడా నేర్చుకున్నాను. "ఆ జిడ్డు చేత్తోనే పప్పులో గరిటె పెడతావా?" అనేది మా అత్త రెబెకమ్మ.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. మధ్యలో ఆయన, వెనక వ్యాన్, ఓ అంచున టీ పళ్లెం పట్టుకున్న నా చెయ్యి. చెయ్యి వరకే.

"నా పేరు కూడా ఒక మాట చెప్పుండచ్చు గదా," అన్నాను.

ఆయన నవ్వారు. "నీ పేరు, నా పేరు వేరేనా? పిచ్చిదానా!"

ఆ నవ్వుకి అప్పుడే బదులు చెప్పుంటే ఆ తర్వాత నేను చేసిన పని చేసేదాన్ని కాదేమో.

తరువాతి సోమవారం ఉదయగిరి ఆడపిల్లల హైస్కూల్లో మొదటి ప్రదర్శన. బయల్దేరే ముందు ఆయన ఇస్త్రీ చొక్కా కోసం ఇల్లంతా వెతుకుతున్నారు. నేను కంప్యూటర్ మూత తీసి, లోపలున్న మెమరీ ముక్కని క్లిప్పు వదులు చేసి సగం పైకి లాగాను. అది సరిగా కూర్చోకపోతే కంప్యూటర్ లేవదు. మూత బిగించేశాను. అర నిమిషం పని. అందరి ముందూ ఆయనకి చేతకాక నన్ను పిలవాలి. నేను వెళ్లి ఒక్క వేలితో నొక్కి లేపాలి. అంతే నేను కోరుకుంది.

స్కూల్లో పిల్లలు ఎండలో వరసగా నిలబడ్డారు. హెడ్మిస్ట్రెస్ లిదియమ్మ గారు ఒక పిల్లని ముందుకు తెచ్చారు. "ఈమె ముబషిరా. టెన్త్ అయినాక ఆత్మకూరొచ్చి మీ దగ్గర నేర్చుకుంటానంటా ఉండాది. కళ్లారా చూస్తేగానీ పంపనన్నాడు వాళ్ల నాయన." గేటు దగ్గర ఆ పిల్ల తండ్రి సమీవుల్లా గారు నిలబడి ఉన్నారు. చెక్క గరిటెలు చేసే పని మానుకుని వచ్చారట, చొక్కా మీద ఇంకా రంపప్పొట్టు ఉంది.

మా ఆయన స్విచ్ వేశారు. బీప్, బీప్, బీప్. తెర నల్లగానే ఉంది. మళ్లీ వేశారు. నొసటి మీద చెమట పట్టింది. నన్ను పిలుస్తారని ఒక అడుగు ముందుకేశాను.

ఆయన పిలవలేదు. లిదియమ్మ గారి వైపు తిరిగి, అందరికీ వినపడేలా, "లోపల బిగింపంతా మా ఆవిడ చేసింది లెండి. నేను చూసుకోలా," అన్నారు.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఇంకో పది నిమిషాలు అవస్థపడనీ అనుకున్నాను. ఆయన చెమట చూసి సంతోషించాను కూడా. ఆ పది నిమిషాల్లోనే సమీవుల్లా గారు నా దగ్గరికొచ్చారు. కోపంగా కాదు, మెత్తగానే అన్నారు. "పోనీలేమ్మా. ఆడోళ్లు చేసిన పని, రోడ్డుకి తట్టుకోలేకపోయింది. దీనికోసం మా బిడ్డని బస్సెక్కించి అంత దూరం ఎందుకు పంపేది?"

కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయారు. ఆ పిల్ల గేటు దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. నన్ను కాదు, నల్లటి తెరని. నోరు తెరవడానికి నాకు అప్పటికీ సమయం ఉంది. తెరవలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన అన్నం తినలేదు. అది చూసి కూడా బాధేసింది, కానీ దాన్ని తట్టుకోగలిగాను. తట్టుకోలేకపోయింది ఆ పిల్ల చూపు. ఆడదాన్ని చిన్నచూపు చూస్తున్నారని మండిపడ్డ నేను, ఆడదాని పని పనికిరాదని నా చేత్తో రుజువు చేసి వచ్చాను. ఆదివారం చర్చిలో అందరూ మోకాళ్ల మీద ఉండి ప్రార్థిస్తుంటే నాకు ఆ నల్లటి తెరే కనబడింది.

చర్చి నుంచి వచ్చాక, అన్నం వడ్డిస్తూ ఆయనకి చెప్పేశాను.

"నా పరువు తీసేదానికా?" అంటూ ఆయన పళ్లెం ముందు నుంచి లేచారు.

"మీకు చేసింది తప్పే. మీరు నాకు చేసిందీ తప్పే. అది మనం తరవాత మాట్లాడుకుందాం. ఆ పిల్ల మనల్ని ఏం చేసిందని?"

"ఉదయగిరిలో నేను మళ్లీ మొహం చూపించను."

"నేను చూపిస్తాను," అని వ్యాన్ తాళం తీసుకున్నాను. "ఎక్కడికే?" అని అత్త అడుగుతుండగానే బండి కదిలించాను.

ఉదయగిరిలో ఇల్లు అడుగుతూ వెళ్లేసరికి సమీవుల్లా గారు ఇంటి ముందర కూర్చుని గరిటెలకి నునుపు పెడుతున్నారు. "బాగు చేసుకొచ్చినారా మేడమ్?" అన్నారు.

"అది చెడిపోలేదన్నా. నేనే చెడగొట్టినాను," అన్నాను. పేపర్లో ఫోటో దగ్గర్నుంచి ఆ పది నిమిషాల దాకా మొత్తం చెప్పాను. ఏదీ తగ్గించలేదు.

ఆయన చేతిలో పని ఆగింది. "చదువుకున్నోళ్లు గూడా ఇట్ట చేస్తారా?"

"చేసినానన్నా."

"మా బిడ్డ రెండు దినాలు అన్నం ముట్టలేదు."

ఆయన నన్ను కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. ఆత్మకూరు పంపిస్తానని కూడా అనలేదు. చేతిలో గరిటె పక్కన పెట్టి, లోపలికి తిరిగి, "ముబషిరా, వచ్చి చూసుకో," అన్నారు.

ఆ పిల్ల వ్యాన్ ఎక్కింది. నేను మూత విప్పి, ఆ మెమరీ ముక్కని ఒక్క వేలితో నొక్కి స్విచ్ వేశాను. తెర వెలిగింది. తన పేరు ఒక్కో అక్షరం వెతికి కొట్టుకుంది. తర్వాత వంగి, ట్యూబు ముక్కల మధ్య వేలాడుతున్న హార్డ్ డిస్క్‌ని, బ్యాటరీ దాకా పోయిన వైర్లని చూసింది.

"ఇదంతా ఎవురు చేసినారు మేడమ్?"

అలవాటు కొద్దీ మా ఆయన పేరే నాలిక చివరిదాకా వచ్చింది.

"నేనే," అన్నాను. "చేసిందీ నేనే. చెడగొట్టిందీ నేనే."